క్వయర్, ఆర్గాన్, ఆర్కెస్ట్రాతో తెలుగు క్రిస్మస్ సంగీతం: రాయడం, రికార్డు చేయడం

కొల్లేటి కొంగ (ఏలూరు)

అందరికీ వందనాలండి. మా సంఘం క్వయర్ కోసం ఒక పెద్ద క్రిస్మస్ పాట కడుతున్నాను. మాటలూ బాణీలూ నావే. మూడు భాగాలు. మొదటిది గొర్రెల కాపరులు, మోహనలో. రెండోది హేరోదు కాలంలో బేత్లెహేము తల్లుల ఏడుపు, మాయామాళవగౌళలో. మూడోది దూతల స్తుతి, శంకరాభరణంలో, అందరూ గొంతు విప్పి పాడేది. అంతా కలిపి పదకొండు నిమిషాల దాకా వస్తోంది.

పాడేవాళ్లు 24 మంది. సోప్రానోలు, ఆల్టోలు (ఆడవాళ్ల పై గొంతు, కింది గొంతు) నిండుగా ఉన్నారు, బేస్ (మగవాళ్ల కింది గొంతు) ఫర్వాలేదు, టెనార్లు (మగవాళ్ల పై గొంతు) ముగ్గురే. వాయించేవాళ్లు ఇద్దరు వయొలిన్, ఒక చెల్లో, ఒక ఓబో. ఆర్గాన్, మిగతా తీగవాద్యాలు, రెండు ట్రంపెట్లు, టింపనీ అన్నీ కంప్యూటర్లో శాంపిల్సే, అంటే ముందే రికార్డు చేసి ఉంచిన స్వరాలే.

డెమోలో ఆర్గాన్ ఒక్కటే వింటే బాగుంది, తీగవాద్యాలు మాత్రమే విన్నా బాగుంది. రెండూ కలిస్తే పాట మాటలు వినపడట్లేదు. రెండో భాగానికి నాలుగు గొంతుల హార్మనీ ఎలా వెయ్యాలో తేలడం లేదు. ఇక రికార్డింగు స్టూడియోలోనా, మా చర్చిలోనా అన్నది నవంబరు లోపల తేల్చుకోవాలి. అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పెడల్ పాయింట్ (చెన్నై)

వందనాలు అన్నా. ఆర్గాన్ సంగతి నేను చెప్తాను. రాగం సంగతి స్వరసంధి అక్క చూస్తారు.

ఆర్కెస్ట్రా, ఆర్గాన్ ఒకరు చక్రవర్తి, ఒకరు పోపు, ఇద్దరి పనీ ఒకటి కాదు అని బెర్లియోజ్ ఏనాడో రాశాడు. మీట నొక్కి ఉన్నంతసేపూ ఆర్గాన్ స్వరం తగ్గదు, ఊపిరి పీల్చుకోదు. పైగా ఒక్క మీటకు నాలుగైదు వరుసల గొట్టాలు పలుకుతాయి. 8 అడుగుల స్టాపు (ఒక రకం గొట్టాల వరుస) మీరు రాసిన స్వరాన్నే పలుకుతుంది, 4 అడుగులది ఒక స్థాయి పైన, 16 అడుగులది ఒక స్థాయి కింద. కాగితం మీద నాలుగు స్వరాల కార్డే (ఒకేసారి పలికే స్వరాల గుంపే) అయినా గాలిలో పన్నెండు స్వరాలుంటాయి. వాటి మీద వయొలిన్లు కూడా నిలిపి వాయిస్తే పాట మాటలకు చోటెక్కడ?

అందుకే నిలిపే పని ఎప్పుడూ ఒక్కరికే ఇవ్వండి. ఆర్గాన్ నిలిపితే తీగవాద్యాలు మీటాలి, లేదా కదులుతూ ఉండాలి. తీగవాద్యాలు నిలిపితే ఆర్గాన్ ఆగాలి, లేదా పెడల్ (కాళ్లతో నొక్కే మీటలు) మీద ఒక్క స్వరం పట్టుకోవాలి. సాన్‌సాన్స్ 1886లో రాసిన మూడో సింఫనీని అందరూ ఆర్గాన్ సింఫనీ అంటారు గానీ అందులో సగానికి పైగా ఆర్గాన్ మాట్లాడదు. నెమ్మది భాగంలో తీగవాద్యాల కింద మెత్తగా వస్తుంది, చివరి భాగంలో పెద్ద సి మేజర్ కార్డుతో విరుచుకుపడుతుంది. అంతసేపు మౌనంగా ఉంది కాబట్టే ఆ కార్డుకు ఒళ్లు జలదరిస్తుంది.

మీ మొదటి భాగంలో ఆర్గాన్ కుడి, ఎడమ చేతులు పూర్తిగా తీసేయండి. 16 అడుగుల పెడల్ ఒక్కటి, షడ్జం మీద, చెల్లో కింద. దాని కింది సి సుమారు 33 హెర్ట్జ్. అది పెట్టాక డబుల్ బేస్ శాంపిల్ అక్కర్లేదు. 32 అడుగుల స్టాపు జోలికి వెళ్లకండి, దాని కింది స్వరం 16 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది, ఫోన్లో వినేవాళ్లకు అసలు చేరదు, మిక్సులో మాత్రం చోటంతా తినేస్తుంది.

శాంపిల్ ఆర్గాన్ వాడేవాళ్లంతా కీబోర్డు మీద గట్టిగా కొడితే గట్టిగా పలకాలని చూస్తారు. అసలు ఆర్గాన్‌లో వేలి బలంతో పని లేదు. స్టాపులు కలిపితే పెరుగుతుంది, గొట్టాల చుట్టూ ఉండే స్వెల్ పెట్టె తలుపులు తెరిస్తే పెరుగుతుంది. ఉచ్చారణ అంతా స్వరాల మధ్య వదిలే ఖాళీలోనే ఉంది. ఒకే స్వరం రెండుసార్లు వస్తే మొదటిదాన్ని పావు వంతు కోసేయండి, లేకపోతే ప్రతిధ్వనిలో రెండూ ఒకటైపోతాయి. క్వయర్ పాడేటప్పుడు 8, 4 అడుగుల ఫ్లూ స్టాపులు (పిల్లనగ్రోవిలా పలికే గొట్టాలు) చాలు. పదునుగా, గట్టిగా పలికే మిక్స్చర్లు, రీడ్లు చివరి కోరస్‌లో చివరి చరణం దాకా దాచండి.

స్వరసంధి (రాజమండ్రి)

తమ్ముడూ, రాగాల వరుస బాగుంది. ముందు మాయామాళవగౌళ చూద్దాం. సి ని షడ్జం అనుకుంటే సి, డి ఫ్లాట్, ఈ, ఎఫ్, జి, ఏ ఫ్లాట్, బి. ఇందులో పంచమం మీద కార్డ్ కడితే జి, బి, డి ఫ్లాట్ వస్తుంది. అది డొమినెంటు (షడ్జానికి లాక్కొచ్చే మామూలు పంచమ కార్డ్) కాదు, దానిలో శుద్ధమైన ఐదో మెట్టు లేదు. మామూలు ముగింపు కోసం ఎవరైనా అక్కడ డి నేచురల్ పెట్టారా, రాగం పోయినట్టే.

ముగింపు రాగంలోనే ఉంది. డి ఫ్లాట్, ఎఫ్, ఏ ఫ్లాట్, బి నాలుగూ కలిపి పలికించి సి మేజర్‌కు రండి. రి నుంచి స కి అర మెట్టు దిగుతుంది, ని నుంచి స కి అర మెట్టు ఎక్కుతుంది, మ నుంచి గ కి, ద నుంచి ప కి అర మెట్టు దిగుతాయి. నాలుగు గొంతులూ అర మెట్టు చొప్పున కదిలి ఒకే చోట చేరతాయి. బేస్‌కీ, ద పాడే గొంతుకీ మధ్య వరుసగా రెండు పంచమాలు వస్తాయని పాఠ్యపుస్తకం ఒప్పుకోదు. ఏడుపు పాటలో ఆ బరువు నాకు కావాలనిపిస్తుంది. ఇష్టం లేకపోతే ద ను ఒక అక్షరకాలం ఆపి తర్వాత దింపండి. మెత్తటి ముగింపు కావాలంటే మ, ద, స కలిసిన మైనర్ కార్డ్ నుంచి షడ్జానికి రావచ్చు.

పాడేవాళ్ల కష్టం వేరే ఉంది. రి నుంచి గ కి, ద నుంచి ని కి ఉన్న దూరం కర్ణాటక సంగీతం నేర్చిన గొంతుకు సులువు, చర్చి క్వయర్లో మధ్య గొంతులకు గండం. దానికి ఒక ఉపాయం ఉంది. ఆల్టోలకు ని, స, రి మాత్రమే ఇవ్వండి. టెనార్లకు గ, మ, ప, ద మాత్రమే. ఒక్కొక్కరు తమ గుంపు దాటి బయటికి రాకపోతే ఆ గెంతు ఎవరికీ రాదు, అయినా వినేవాళ్లకు రాగం మొత్తం వినిపిస్తుంది. గెంతులన్నీ సోప్రానో బాణీలోనే ఉంటాయి, అది ఎలాగూ మీరు నేర్పుతారు. గమకాలు మాత్రం ఒక్క గొంతుకే ఇవ్వండి. తల్లి పాత్రకు ఒక సోలో పెట్టి, ఆమె ఊగుతుంటే మిగతావాళ్లు కదలకుండా స్వరం పట్టుకోవాలి. 24 మంది కలిసి రిషభాన్ని ఊపితే ఎవరి ఊపు వారిదే అవుతుంది.

ఇక మోహన. మ, ని లేవు. అంటే పంచమం మీద కార్డ్ కడితే మధ్య స్వరం ఖాళీ, ప, రి మాత్రమే. ఆ ఖాళీని పూరించకండి, కాపరుల పాటకు అది అందం. మూడో భాగం మొదలయ్యేదాకా ప, ని, రి కలిసిన మేజర్ కార్డ్ వినిపించకూడదని నియమం పెట్టుకోండి. దూతల కోరస్‌లో ట్రంపెట్లు మొదటిసారి ప, ని, రి అని నిండుగా పలికినప్పుడు చర్చిలో దీపాలన్నీ ఒక్కసారి వెలిగినట్టు ఉంటుంది.

గుంటూరు ఆల్టో

ఆల్టోల తరఫున స్వరసంధి అక్కకు వెయ్యి వందనాలు!

పాడేదాన్ని కాబట్టి మాటల గురించి చెప్తాను. కొంగ గారూ, గురువున్న చోట పొడుగు స్వరం, లఘువున్న చోట పొట్టి స్వరం అన్నది వీలైనంత వదలకండి. ఇంగ్లీషు కేరల్ (క్రిస్మస్ పాట) బాణీకి తెలుగు మాటలు అతికించినప్పుడు మొదట చచ్చేది ఇదే. "చుక్క వెలిగె" అని ఉందనుకోండి, "చు" గురువు, కానీ అచ్చు పొట్టిదే. దాన్ని రెండు అక్షరకాలాలు సాగదీస్తే "చూక్క" అవుతుంది. ఒక చిన్న విరామం రాసి పెట్టండి, అందరూ "చుక్" దగ్గర ఒకేసారి నోరు మూసి, ఒకేసారి "క" కి తెరుస్తారు. విరామం కాగితం మీద లేకపోతే ఒక్కొక్కరు ఒక్కో క్షణంలో మూస్తారు, మైకులో అది కంకర రాలినట్టు వినిపిస్తుంది.

ఇంకోటి. సోప్రానోలకు పైన ఎఫ్, జి ఇచ్చిన చోట "ఆ" కారం పెట్టండి. అంత ఎత్తులో "ఇ", "ఉ" పాడితే ఏ అచ్చో తెలియదు. వాళ్ల తప్పు కాదు, స్వరం ఎత్తే ఆ అచ్చు సహజ ప్రతిధ్వని కన్నా పైకి వెళ్లిపోతుంది. "మహిమ" లో "మ" మీద ఎక్కించండి, "హి" మీద వద్దు.

లీడ్స్ రాజు (ఇంగ్లండ్)

ఓబో మనిషి ఉన్నాడన్నారు, ఆయనను ఒక్క క్షణం కూడా వృథా చేయకండి. బాఖ్ 1734లో కట్టిన క్రిస్మస్ ఒరటోరియో రెండో భాగం మొదట్లో కాపరులకు ఓబో జాతి వాద్యాలు నాలుగిచ్చాడు, దూతలకు ఫ్లూట్లు, తీగవాద్యాలు. ఇద్దరూ మాట్లాడుకుంటున్నట్టే ఉంటుంది. ఓబో కూడా మన సన్నాయిలాగే జంట రెల్లు వాద్యం, మోహనలో పల్లె వాసన దానంతట అదే వస్తుంది.

ట్రంపెట్ల విషయంలో హాండెల్ చేసింది గుర్తుపెట్టుకోండి. మెస్సయాలో ట్రంపెట్లు మొదటిసారి దూతల స్తుతి దగ్గరే వస్తాయి, అక్కడ ఆయన చేతిరాతలో దూరం నుంచి, కాస్త మెత్తగా అని ఉంది. చివర్న దూతలు వెళ్లిపోయినట్టు సంగీతం సన్నగిల్లుతుంది. శాంపిల్ ట్రంపెట్లయినా సరే, మొదట దూరంగా పెట్టండి, చివరి చరణంలో దగ్గరికి తెండి.

చివరి చరణానికి ఇక్కడి పద్ధతి ఒకటుంది. కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీ క్వయర్‌ను నడిపిన డేవిడ్ విల్‌కాక్స్ పాత కేరల్స్‌కు రాసిన అమరికలు 1961 నుంచి అచ్చులో ఉన్నాయి, ఇప్పటికీ ఇంగ్లండంతా వాటినే పాడుతుంది. సభ అంతా బాణీని ఒకే గొంతుతో పాడుతుంది, సోప్రానోలు దాని పైన డెస్కెంట్ అనే వేరే బాణీ పాడతారు, ఆర్గాన్ ముందు చరణాల్లో లేని కార్డులు వేస్తుంది. మీ ముగ్గురు టెనార్లకు అక్కడ భారం తగ్గుతుంది కూడా. మొదటి రెండు భాగాల్లో టెనార్, బేస్ కలిపి ఒకే పురుష గొంతుగా రాస్తే తప్పేం లేదు.

పదకొండు నిమిషాలు ఆరాధనలో ఎక్కువ అనిపిస్తోంది. కింగ్స్‌లో 1983 నుంచి ఏటా కొత్త కేరల్ రాయిస్తున్నారు, చాలావరకు కొద్ది నిమిషాల్లో ముగిసేవే. మూడో భాగం విడిగా కూడా పాడుకునేలా ముగించండి, వేరే సంఘాలు కూడా తీసుకుంటాయి.

డప్పు దానియేలు (నల్గొండ)

బ్రదర్, స్టూడియోకే వెళ్లండి. ఎనిమిది మంది మంచి గాయకులను పిలిచి మూడుసార్లు పాడించి ఒకదాని మీద ఒకటి పేరిస్తే 24 గొంతులు, శ్రుతి కచ్చితం. ఇంకో మాట, టింపనీ శాంపిల్ ఎందుకు? కాపరుల భాగానికి డప్పు పెట్టండి. ఈ మట్టి శబ్దం.

నైట్‌షిఫ్ట్ మిక్సర్ (హైదరాబాద్)

దానియేలన్నా, డప్పుకు నా ఓటు. పేర్చడానికి మాత్రం కాదు. అవే ఎనిమిది గొంతులు మూడుసార్లు పేరిస్తే 24 మంది రారు, ఎనిమిది మందే మందంగా వస్తారు. ఊపిరి ఒకటే, అచ్చులు ఒకటే, కంపనం ఒకటే. క్వయర్ ధ్వని అంటే వేర్వేరు గొంతులు ఒకే గాలిలో కలవడం. దానికి గది కావాలి.

కొంగ గారూ, చర్చిలోనే చెయ్యండి, రాత్రి చెయ్యండి. ఫ్యాన్లన్నీ ఆపాలి, ట్యూబులైట్ల చోకు కూడా గుయ్యిమంటుంది, వాటి బదులు దీపాలు మార్చుకోండి. ఫ్రిజ్, ఇన్వర్టర్, వాటర్ కూలర్ ఎక్కడున్నా తీగ పీకేయండి. అందరూ కదలకుండా ఉండగా ఒక నిమిషం ఉత్త గది చప్పుడు రికార్డు చేసి పెట్టుకోండి, ఎడిటింగులో ఖాళీల మధ్య అదే అతుకుతుంది.

క్వయర్ అర్ధచంద్రాకారంలో నిలబడాలి. ముగ్గురు టెనార్లు మధ్యలో, ముందు వరుసలో. రెండు కార్డియాయిడ్ మైకులు (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి), మధ్య 17 సెంటీమీటర్లు, కోణం 110 డిగ్రీలు, ఓఆర్‌టీఎఫ్ అంటారు, ఫ్రెంచి రేడియో వాళ్ల పద్ధతి. మూడు మీటర్ల ఎత్తు స్టాండు మీద, క్వయర్ వైపు కాస్త వంచి. ఎంత దూరం అన్నది కొలతతో తేలదు. ఒక చెవి గట్టిగా మూసుకుని, క్వయర్ పాడుతుండగా నెమ్మదిగా వెనక్కి నడవండి. మాటలు అలుక్కుపోవడం మొదలైన చోట ఆగి, కొంచెం ముందుకు రండి. అక్కడ స్టాండు. రెండు చెవులతో వింటే మన బుర్ర ప్రతిధ్వనిని వడగట్టేస్తుంది, మైకుకు ఆ తెలివి లేదు, అందుకే ఒక చెవి.

సోలో తల్లికి, చెల్లోకు, ఓబోకు దగ్గరి మైకులు వేరే పెట్టొచ్చు, కానీ వాటిని తక్కువే కలపండి. ధ్వని మీటరుకు దాదాపు 2.9 మిల్లీసెకండ్లు తీసుకుంటుంది. ముఖ్య మైకులకు ఆరు మీటర్ల దూరంలో ఓబో ఉంటే దాని దగ్గరి మైకు 17 మిల్లీసెకండ్లు ముందు వింటుంది. దాన్ని అంత వెనక్కి జరిపి కలపండి, లేకపోతే ఓబో క్వయర్ ముందుకు దూకి కూర్చుంటుంది.

అసలు చిక్కు శాంపిల్స్‌తో. ఉచితంగా దొరికే గ్రాండ్‌ఆర్గ్ అనే ఆర్గాన్ సాఫ్ట్‌వేర్‌లో వాడే ఆర్గాన్లలో చాలావాటికి ఏదో యూరోపు చర్చి ప్రతిధ్వని రికార్డులోనే కలిసిపోయి ఉంటుంది. మీ క్వయర్ ఏలూరులో, ఆర్గాన్ ఇంకెక్కడో. వినేవాళ్లకు ఎందుకో తెలియదు గానీ నమ్మబుద్ధి కాదు. ప్రతిధ్వని లేని శాంపిల్స్ వెతికి, అన్నిటికీ మీ చర్చి గాలే వెయ్యండి. ఎలాగంటే, అదే రాత్రి, అదే మైకుల చోట, వేదిక దగ్గర నుంచి ఒక స్పీకరులో కింది నుంచి పై దాకా సాగే స్వీప్ శబ్దం వాయించి రికార్డు చెయ్యండి. స్పీకరు లేకపోతే పెద్ద బెలూన్ పేల్చినా పనికొస్తుంది. దాని నుంచి కన్వల్యూషన్ రివర్బ్, అంటే ఏ శబ్దానికైనా మీ చర్చి ప్రతిధ్వనిని అద్దే పరికరం, తయారవుతుంది. ఆర్గాన్, ట్రంపెట్లు, మిగతా వయొలిన్లు అన్నీ దాంట్లోంచి పంపితే అందరూ ఒకే కప్పు కింద ఉంటారు. ట్రంపెట్లు దూరంగా కావాలన్నారు కదా రాజు గారు, బెలూన్ రెండోసారి వెనక గుమ్మం దగ్గర పేల్చండి, ఆ రివర్బ్ ట్రంపెట్లకు.

దానియేలన్నా, రాత్రి మంచులో డప్పు చర్మం జారుతుంది కదా?

డప్పు దానియేలు

జారుతుంది బ్రదర్. బయట నిప్పు పెట్టుకుని టేకు టేకుకీ మధ్య కాచాలి. చర్చి లోపల కాదు, పొగ పాడేవాళ్ల గొంతులకు మంచిది కాదు. మీరు చెప్పిన పేర్పు సంగతి అర్థమైంది, ఒప్పుకుంటున్నాను.

గుంటూరు ఆల్టో

శాంపిల్ ఆర్గాన్ బదులు నిజం పైప్ ఆర్గాన్ రికార్డు చేసుకుంటే? చెన్నైలో ఉన్నాయి కదా పెడల్ పాయింట్ గారూ.

పెడల్ పాయింట్

ఉన్నాయమ్మా. ఎగ్మూరులో 1821 నాటి సెయింట్ ఆండ్రూస్ కర్క్‌లోనే ఒకటుంది, ఒక్కసారైనా పక్కన నిలబడి వినాల్సిన వాద్యం. కానీ అక్కడ ఆర్గాన్, ఇక్కడ క్వయర్ అంటే శ్రుతి తంటా వస్తుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది, ఫ్లూ గొట్టాల శ్రుతి డిగ్రీ సెల్సియస్‌కు దాదాపు 3 సెంట్లు పెరుగుతుంది. పది డిగ్రీల తేడా అంటే 30 సెంట్లు, అర మెట్టులో మూడో వంతు దగ్గర. రీడ్ గొట్టాలు అంతగా కదలవు, దాంతో ఆర్గాన్‌లోనే రెండు శ్రుతులు. వెళ్లదలిస్తే క్వయర్‌తో సహా వెళ్లాలి, అందరూ ఆర్గాన్‌కు శ్రుతి చేసుకోవాలి. ఈ ఏడాదికి శాంపిలే మంచిది.

స్వరసంధి

దానికి తోడు ఒక సంగతి. తోడు వాద్యం లేకుండా పాడితే క్వయర్ శ్రుతి మెల్లగా దిగుతుంది, రెండో భాగంలో ఇంకా ఎక్కువ, అన్నీ అర మెట్లే కాబట్టి. నడిపించేవారికీ, ఒక్కో గుంపులో ఒకరికీ ఒక చెవిలో తంబురా శ్రుతి వినిపించండి. మెట్రోనోమ్ వద్దు, ఊపిరి చచ్చిపోతుంది.

నైట్‌షిఫ్ట్ మిక్సర్

అవును, శ్రుతి చెవిలో, తాళం చేతిలో. ముందు క్వయర్, మనుషులు వాయించేవి, డప్పు అన్నీ కలిపి ఒకేసారి. మైకుల్లో డప్పు మరీ ముందుకొస్తే వెనక గుమ్మం వైపు జరపండి. శాంపిల్ ఆర్గాన్ ఆ తర్వాత, మీ నడకకు అనుగుణంగా చేత్తో వాయించాలి. కంప్యూటర్ తాళపు గళ్లకు (గ్రిడ్‌కు) అంటించకండి.

లీడ్స్ రాజు

శాంపిల్ తీగవాద్యాల బదులు మనుషులే కావాలనుకుంటే వచ్చే ఏడు ఆలోచించండి. బుడాపెస్ట్‌లో, స్కోప్యేలో ఆర్కెస్ట్రాలు దూరం నుంచే రికార్డు చేసి పంపుతున్నాయి, మన సినిమాలవాళ్లు చేయించుకుంటున్నారు. నిమిషాల లెక్కన సమయం కరిగిపోతుంది, కాబట్టి పార్టుల్లో (ఒక్కొక్కరికి ఇచ్చే స్వరాల కాగితాల్లో) విల్లు గుర్తులు, బలం గుర్తులు, బార్ నంబర్లు తప్పు లేకుండా ఉండాలి.

కొల్లేటి కొంగ

అందరికీ మనసారా వందనాలు. నిన్న రాత్రంతా కూర్చుని మొదటి భాగం మళ్లీ రాశాను. ఆర్గాన్ చేతులు తీసేశాను, పెడల్ మీద షడ్జం, ఓబో, డప్పు, క్వయర్ అంతే. మాటలు వినిపిస్తున్నాయి! ఆల్టోలకు ని, స, రి ఇచ్చి చూశాను, ఆదివారం రిహార్సల్‌లో రెండోసారికే పట్టేశారు. తల్లి సోలోకు మా ఆల్టోల్లోనే ఒక పెద్దమ్మ ఉన్నారు, ఆవిడ కీర్తనలు పాడుతుంటే మా అయ్యగారే ప్రసంగం ఆపి వింటారు. ప, ని, రి కార్డ్ మూడో భాగం దాకా దాచాను.

ఒక ప్రశ్న మిగిలింది. చివరి చరణంలో ఆర్గాన్ కింద పురుషోత్తమ చౌదరి గారి పాత కీర్తన బాణీ ఒకటి పొడుగు స్వరాల్లో వినిపించాలని ఉంది. హక్కుల ఇబ్బంది ఉంటుందా?

లీడ్స్ రాజు

ఆయన 1890లోనే పోయారు. మన దేశంలో రచయిత మరణం తర్వాత 60 ఏళ్ల దాకే హక్కు. ఆయన మాటలకు ఇబ్బంది లేదు. బాణీ మాత్రం పెద్దవాళ్లు పాడుకునే పాతదే తీసుకోండి. ఈమధ్య ఎవరైనా కొత్తగా కట్టిన బాణీ, ఎవరి ఆల్బమ్‌లోదైనా అమరిక వాళ్ల సొత్తు.

పెడల్ పాయింట్

ఆ బాణీ పెడల్‌లో పెట్టండి అన్నా, 16 అడుగులతో పాటు 8 కూడా తియ్యండి, లేకపోతే గుర్తుపట్టరు. చేతులు పైన ఖాళీగా ఉండనివ్వండి. క్వయర్ చివరి మాట అయ్యాక ఒక బార్ ఆర్గాన్ ఒంటరిగా ఉంటే చాలు.

నైట్‌షిఫ్ట్ మిక్సర్

చర్చి పొడవు, వెడల్పు, కప్పు ఎత్తు, కప్పు దేనితో వేశారో రాసి పంపండి, లోపలి ఫొటోలు నాలుగు వైపుల నుంచీ కావాలి. గోడలు ఎదురెదురుగా నున్నగా ఉంటే మైకుల చోటు మారుతుంది. రికార్డింగు రాత్రి ఖాళీ చేసుకుని నేనే వస్తాను, ఛార్జీ ఏం వద్దు.

కొల్లేటి కొంగ

రేపు కొలిచి పెడతాను బ్రదర్. భోజనం మా ఇంట్లోనే. పార్టులు శనివారానికి ఇక్కడే పెడతాను, గుంటూరు ఆల్టో గారూ, విరామాలు సరిగ్గా పడ్డాయో లేదో మీరే చూడాలి.

గుంటూరు ఆల్టో

పెట్టండి. ఎర్ర పెన్నుతో సిద్ధంగా ఉంటాను.